చీపురుపుల్ల మీద నందిగామ గీత

ఆ రోజుల్లో చవక పెట్రోలు కోసం మనుషులు ఎంత దూరమైనా వెళ్ళేవాళ్ళు. ఆ దూరమంతా పెట్రోలు తగలేసుకుంటూనే వెళ్ళేవాళ్ళన్నది వేరే సంగతి. ఇప్పుడు నేను చెప్పబోయేది మామూలు కథ కాదు. ఇందులో దండయాత్ర ఉంది. నడిదారిలో వాహనం నేలకొరగడం ఉంది. ఆకాశమంత ఎత్తున సింహాసనం మీద ఊరేగింపు ఉంది. చివర్లో ఇద్దరు మహావీరుల మధ్య రహస్య ఒడంబడిక కూడా ఉంది. పద్యాల్లో రాసి, హార్మోనియం పెట్టి వినిపించదగ్గ సరుకు. (ఇది చదివి ఎవరైనా కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుని ఉంటే క్షమించాలి.) నిజానికిది మా బాబాయి స్కూటర్లో పెట్రోలు అయిపోయిన కథ. అంతకంటే ఏమీ లేదు. ఆ రోజు నా ఉద్యోగం కూడా దాదాపు అయిపోయింది కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

మా బాబాయికి జగ్గయ్యపేటలో, అంటే మా నోళ్ళలో ఉత్త పేటలో, ఎరువుల కొట్టు ఉండేది. నేను వత్సవాయి నుంచి వచ్చి ఆయన ఇంట్లో ఉండి బి.కాం. చదివాను. చదువయ్యాక రెండేళ్ళపాటు ఆ కొట్లోనే యూరియా బస్తాల మీద కూర్చుని పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు కూడా చదివాను. కొత్త స్కూటరుకి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం ఎదురు చూసే కాలం అది. అంత ఓపిక లేక బాబాయి ఎవరో ఇంజనీరు గారు వాడి వాడి విసిగిపోయిన స్కూటరు కొన్నాడు. ఆకాశం రంగు అని చెప్పి అమ్మాడాయన. మబ్బు పట్టిన ఆకాశమేమోలే అని మేం సరిపెట్టుకున్నాం. బండి వచ్చిన మొదటి నెలంతా అందరూ సుఖంగానే ఉన్నారు. తర్వాత ఒకనాడు చిల్లకల్లు సెంటర్లో టీ తాగుతుండగా, పక్కన నిలబడ్డ ట్యాంకరు డ్రైవరు మా బాబాయి మనశ్శాంతి మొత్తం ఒక్క వాక్యంతో తీసుకుపోయాడు. పెట్రోలు బెజవాడ వైపు నుంచి వస్తుందట. ట్యాంకరు ఎంత దూరం మోస్తే రేటు అంత పెరుగుతుందట. అందుకని పేటలో కంటే నందిగామలో లీటరు ఏడు పైసలు తక్కువట.

పేట బంకు సరిగ్గా మా కొట్టుకి ఎదురుగుండా ఉండేది. కొట్లో నుంచి తుమ్మితే బంకులో వాళ్ళు చిరంజీవ అనేవాళ్ళు. ఆ రోజు నుంచి బాబాయి ఆ వైపు చూడటం మానేశాడు. "ఏడు పైసలు ఎక్కువ పెట్టి ఇంటి ముందు కొనుక్కునేంత గొప్పోళ్ళం కాదురా మనం" అనేవాడు. అలాగని ఉత్త పెట్రోలు కోసమే నందిగామ పోయేవాడు కాదు. అలా పోతే అది తిక్కట. ఏదో ఒక పని మీద పోతూ దారిలో కొట్టించుకుంటే అది తెలివట. కాబట్టి ఆయనకి నందిగామలో పనులు పుట్టుకొచ్చాయి. చెప్పు తెగితే నందిగామలోనే కుట్టించేవాడు. క్షవరం అక్కడే. కోర్టు దగ్గర ఉండే ఒక దూరపు మేనత్త గుమ్మం పదిహేనేళ్ళుగా తొక్కనివాడు, ఆవిణ్ణి నెలకి రెండుసార్లు పరామర్శించడం మొదలెట్టాడు. మూడోసారి వెళ్ళేసరికి ఆ మహాతల్లి బెదిరిపోయి, "నాకేమన్నా పెద్ద జబ్బుందని డాక్టరు నీతో చెప్పాడా నాయనా? దాచకు" అని చెయ్యి పట్టుకుని ఏడ్చిందట.

"ఏవండీ, ఉన్న నాలుగు వెంట్రుకలు కత్తిరించుకోవడానికి నందిగామ దాకా పోవాలా? ఇక్కడి మంగలి ఏం పాపం చేశాడు?" అని పిన్ని అడిగేది.

"నీకు లెక్కలు రావే" అనేవాడు బాబాయి.

"రాకపోబట్టే సుఖంగా ఉన్నా" అనేది పిన్ని.

ఈ శాస్త్రంలో అసలు సూత్రం ఇంకోటుంది. నందిగామకి ఖాళీ ట్యాంకుతో చేరాలి. "నిండు ట్యాంకుతో పోతే అక్కడి పెట్రోలు ఎక్కడ పోయించుకుంటావురా? ఇంట్లో అన్నం తిని పెళ్ళి భోజనానికి పోతారా ఎవరన్నా?" అని నన్నే నిలదీసేవాడు. (నేనేమీ అనకపోయినా సరే.) అందుకోసం కొత్త చీపురులోంచి ఒక పుల్ల ఏరి, దాని మీద సిరాతో మూడు గీతలు గీశాడు. ట్యాంకు మూత తీసి పుల్లని అడుగు తగిలేదాకా ముంచి తీస్తే, తడి పై గీత దాకా ఉంటే ఊరంతా తిరగొచ్చు. మధ్య గీత అయితే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. అడుగు గీత నందిగామ గీత. తడి ఆ గీత దగ్గర ఆగిందంటే, అప్పుడు బయల్దేరితే నందిగామ బంకు ముందు ఆఖరి చుక్క కాలి బండి దానంతటది ఆగాలి. రిజర్వు కూడా ఆ లెక్కలోనే కలిసిపోయింది. రిజర్వు అనేది లెక్కలు రానివాళ్ళ కోసం పెట్టారని బాబాయి అభిప్రాయం. ఆ పుల్ల కొట్లో లక్ష్మీదేవి పటం వెనక ఉండేది. రోజూ అగరొత్తి పొగ దానికి కూడా తగిలేది.

ఇట్లా ఉండగా నాకు ఉద్యోగం వచ్చింది. నందిగామలో రైతుల సహకార సంఘం ఆఫీసులో గుమాస్తా. (సంఘం పేరెందుకు లెండి.) ఏడు రోజుల్లోగా, ఏడో రోజైతే ఫోర్‌నూన్‌లో, అంటే మధ్యాహ్నం పన్నెండు కొట్టే లోపల చేరాలనీ, చేరకపోతే ఆర్డరు రద్దయి తర్వాతి అభ్యర్థిని పిలుస్తామనీ రాశారు. మా వాళ్ళందరిలోకీ ఎక్కువ ఆతృత వత్సవాయిలో ఉన్న మా నాన్నకి. ఉద్యోగం నిలిస్తే సరే, లేకపోతే నన్ను వత్సవాయి లాక్కుపోయి పత్తికి మందు కొట్టిద్దామని ఆయన అప్పటికే నా వీపు కొలతకి సరిపోయే స్ప్రేయరు ఒకటి చూసి పెట్టాడు. ఆ డబ్బా వీపున కట్టుకుని నడుస్తున్నట్టు నాకు కలలు వచ్చేవి. కలలో కూడా మందు వాసనే.

"రేపు పొద్దున్నే బస్సెక్కి పోయి చేరిపోతా బాబాయ్" అన్నాను.

"ఇంట్లో బండి పెట్టుకుని బస్సులో పోతావా? నలుగురూ ఏమనుకుంటారు? పైగా నిన్ను దగ్గరుండి ఉద్యోగంలో చేర్పించడం కంటే నాకు నందిగామలో పెద్ద పనేముందిరా!" అన్నాడాయన. ఇన్నాళ్ళకి క్షవరం కంటే గౌరవమైన పని ఒకటి దొరికిందాయనకి. పటం వెనకనుంచి పుల్ల తీసి ముంచి చూసి, "మధ్య గీత మీదే ఉంది. రెండ్రోజులాగు" అన్నాడు.

రెండ్రోజులాగాను. ఆ రెండ్రోజులూ ఎరువుల బేరం మందం, బండి కదల్లేదు. పెట్రోలు ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. నాలుగో రోజుకి నాకు చెమటలు పట్టాయి. "ఇంకా మూడు రోజులుందిగా, గాభరా దేనికి" అన్నాడు బాబాయి. అయిదో రోజు మాత్రం ఆయనకీ కాస్త కంగారు పుట్టి, సాయంత్రం బండి తీసి పని లేకుండా పేట చుట్టూ తిరగడం మొదలెట్టాడు. బస్టాండు నుంచి మార్కెట్ యార్డుకీ, యార్డు నుంచి చెరువు బజారుకీ, మళ్ళీ బస్టాండుకీ. కొట్టు ముందు నుంచి పోయిన ప్రతిసారీ నాకు చెయ్యూపేవాడు. ఎదురు బంకులో కుర్చీ వేసుకున్న ఆసామి ఎనిమిదో చుట్టులో ఉండబట్టలేక, "ఏంటండీ మీ బాబాయి గారు, ఏమన్నా పోగొట్టుకున్నారా?" అని నన్నడిగాడు.

"లేదండీ, పోగొట్టుకుంటున్నారు" అన్నాను.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. ఆరో రోజు సాయంత్రం బట్టలు సర్దుకుంటూ ఉంటే నా పైజామా బొందు ఊడి వచ్చింది. అది మళ్ళీ ఎక్కించడానికి పిన్నీసు కనపడలేదు. సన్నంగా, గట్టిగా ఉండే పుల్ల కోసం వెతికితే ఇంటికీ కొట్టుకీ కలిపి ఒక్కటే ఉంది, అది కొట్లో లక్ష్మీదేవి పటం వెనక ఉంది. బొందు సగం దూరం పోయాక పుల్ల చివర టప్పున ఒక అంగుళం విరిగింది. చూస్తే మూడు గీతలూ క్షేమంగానే ఉన్నాయి. గీతలుంటే చాలదా, అడుగున అంగుళం పోతే ఏముందిలే అనుకుని తీసుకెళ్ళి పటం వెనక పెట్టేసి దణ్ణం పెట్టుకున్నాను. నేను చదివింది బి.కాం. అని ముందే మనవి చేశాను.

ఏడో రోజు పొద్దున్నే స్నానం చేసి, సర్టిఫికెట్లు డిక్కీలో పెట్టి, తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాను. బాబాయి పుల్ల ముంచాడు. తీసి వెలుగులో పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇదేందిరా, మొన్న అంత తిప్పినా ఇంకా గీతకి పైనే ఉంది!"

"పర్లేదులే బాబాయ్, పోదాం" అన్నాను.

"ఏమిట్రా పర్లేదు? అంత ఏడు పైసల చోటు వృథా చేసుకుంటావా?" అని ఆయన మళ్ళీ బండెక్కి పేట చుట్టూ మూడు చుట్లు తిరిగి వచ్చాడు. అప్పటికి గీత కుదిరింది. అడుగు తెగిన పుల్ల ట్యాంకులో మరో అంగుళం కిందికి దిగుతుందనీ, లేని పెట్రోలుని ఉన్నట్టు చూపిస్తుందనీ, ఆ మూడు చుట్లలో కాలింది నిజంగా నందిగామ చేర్చాల్సిన పెట్రోలేననీ నాకు నవాబుపేట దాటాక తట్టింది. అప్పటికి చెప్పి ప్రయోజనం లేదు. (ముందే తట్టినా చెప్పేవాణ్ణని అనుకోను.)

తొమ్మిదింటికి బయల్దేరాం. పిన్ని కట్టిచ్చిన పులిహోర డబ్బా బరువని బాబాయి ఇంట్లోనే దించేశాడు. రోడ్డు కాస్త పల్లంగా కనపడగానే ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేవాడు. అప్పుడు చెవుల్లో గాలి తప్ప వేరే చప్పుడుండేది కాదు. ఎదురొచ్చే లారీల వాళ్ళు ఇదేదో సైకిలు కాబోలు అనుకునేవాళ్ళు. "ముందుకి వంగరా. నిటారుగా కూర్చుంటే గాలి ఆపుతుంది" అని నన్ను వంచాడు. నేను ఆయన వీపుకి మొహం ఆనించి, ఆఫీసరు గారి ముందు ఎలా నవ్వాలో సాధన చేసుకుంటున్నాను. నవాబుపేట దాటి రెండు మైళ్ళు పోయామో లేదో బండి ఒకసారి దగ్గింది. రెండోసారి ఆలోచించింది. మూడోసారి ఆగిపోయింది.

బాబాయి ఒక్క క్షణం నందిగామ వైపు చూశాడు. నందిగామ కనపడలేదు. "ట్యాంకులో మూలకి చేరి ఉంటుందిరా" అని దిగి బండిని ఎడమకి వంచాడు. తర్వాత కుడికి వంచాడు. చివరికి ఇద్దరం కలిసి పూర్తిగా పడుకోబెట్టి, పసిపిల్లకి ఉగ్గు పట్టినట్టు ఊపి లేపాం. అది పదడుగులు నడిచి మళ్ళీ చతికిలబడింది. ఇక నెట్టుడే. అరమైలు నెట్టాక రోడ్డు పక్కన ఒక సైకిలు షాపు వచ్చింది. ముందు బల్ల మీద సీసాలో పెట్రోలు ఎర్రగా మెరుస్తూ ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

"సీసా ఎంతయ్యా?" అన్నాడు బాబాయి.

షాపువాడు చెప్పాడు. పేట రేటు మీద రూపాయి ఎక్కువ. బాబాయి చెయ్యి కాలినవాడిలా వెనక్కి తగ్గాడు. "పద."

"బాబాయ్! పదిన్నరయింది!"

"ఏడు పైసలు మిగల్చడానికి బయల్దేరినోణ్ణి, దారిలో రూపాయి పారేసి పోతే నా మొహం నేను ఎట్లా చూసుకోనురా?"

"పారేయకపోతే రేపట్నుంచి నా మొహం పత్తి చేలో చూడాల్సొస్తది!"

"నెట్టరా. నడిస్తే ఒంటికి మంచిది" అన్నాడు. కానీ ఆయన గొంతులో మునుపటి ధీమా లేదు. నెడుతూ నెడుతూ మధ్యలో ఒకసారి నా వైపు చూసి, "బస్సొస్తే ఎక్కి పోరా, బండి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి ఉంటే మీరు కూడా ఎక్కేవాళ్ళు కాదు. నాకైతే ఆ ధర్మసంకటం రాలేదు. బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న వాళ్ళే ఒక ఊరి జనాభా ఉన్నారు. ఆగకుండా పోయింది. ఆ దుమ్ములో నా తెల్లచొక్కా కూడా పోయింది.

దుమ్ము అణగ్గానే వెనక నుంచి డబడబమంటూ ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా పత్తి కుక్కిన బోరెలు, మేడంత ఎత్తు. నడిపేవాడు మా వత్సవాయి వాడే.

"ఏందన్నా, బండి నెడతన్నారు?"

"పెట్రోలు అయిపోయిందయ్యా. నందిగామ బంకుకి పోతన్నాం" అన్నాడు బాబాయి హుందాగా.

"మరి పేటలో బంకు మూసేసారా?"

"లేదు. తెరిచే ఉంది."

ట్రాక్టరు డ్రైవరు కొంచెంసేపు ఆలోచించాడు. అతని మొహంలో ఒక ప్రశ్న మొలిచి, పెరిగి, ఎండిపోవడం నేను స్పష్టంగా చూశాను. "సరే, ఎక్కించండి" అన్నాడు. ట్రాలీ మీదున్న నలుగురు కూలీలు తాళ్ళేసి స్కూటర్ని బోరెల మీదికి లాగారు. నిలబెడితే పత్తిలోకి కూరుకుపోతోంది, పడుకోబెడితే జారుతోంది. చివరికి ఎవరైనా ఎక్కి కూర్చుని హ్యాండిలు పట్టుకుంటేనే నిలుస్తుందని తేలింది. ఎవరైనా అంటే ఎవరు? బాబాయే. ఆ విధంగా మా బాబాయి పత్తి పర్వతం మీద స్కూటరెక్కి, రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని, టెలిఫోను తీగలు తగలకుండా తల వంచుకుంటూ అంబారుపేట మీదుగా ఊరేగాడు. బళ్ళో పిల్లలు గోడలెక్కి ఈలలు వేశారు. ఒక ముసలమ్మ ఎందుకైనా మంచిదని దణ్ణం పెట్టింది. ఎందుకో బాబాయి హారను కూడా కొట్టాడు. (అలవాటు వల్లనట.) నేను డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. "మీ నాన్న కొత్త స్ప్రేయరు కొన్నాడంటగా" అన్నాడు డ్రైవరు. నేను రోడ్డు వైపు చూశాను.

నందిగామ చేరేసరికి పన్నెండూ ముప్పావు. స్కూటరు దింపి, ఆఫీసు గోడకి ఆనించి, డిక్కీలోంచి సర్టిఫికెట్లు తీసుకుని లోపలికి పరిగెత్తాను. హెడ్ గుమాస్తా గారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. నెత్తినిండా పత్తి. ఒంటినిండా దుమ్ము.

"ఎవరి పెద్దకర్మకి పిలవడానికొచ్చావయ్యా?" అన్నారు.

"నేను ఉద్యోగంలో చేరడానికండీ."

ఆర్డరు చూసి, గోడ గడియారం చూసి, పెదవి విరిచారు. "ఫోర్‌నూన్ అయిపోయిందే. అయినా నేను చెప్పేదేముంది, ఆఫీసరు గారు రావాలి. పొద్దున్నించీ క్యాంపులో ఉన్నారు. వరండాలో కూర్చో."

కూర్చున్నాం. బాబాయి మెల్లగా, "ఆ సీసా కొనాల్సిందిరా" అన్నాడు. నేను ఆయన్ని ఎన్నడూ అంత చిన్నగా చూడలేదు. పుల్ల సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో ఆయనే, "తప్పు నీ బరువుదిరా. ఆ లెక్క నేను వేసుకోలేదు" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. బరువు మీదికి పోతే పోయింది, నా మీదికి రాలేదు.

రెండు గంటలకి ఆఫీసరు గారు వచ్చారు. స్కూటరు మీద వచ్చారు. ముందు కాళ్ళ దగ్గర ఒక డబ్బా, వెనక సీటుకి కట్టిన ఇంకో డబ్బా. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఆయన బండి దిగి ఆ డబ్బాలు జాగ్రత్తగా నీడలో పెడుతుంటే బాబాయి ముక్కుపుటాలు అదిరాయి. లేచి నిలబడ్డాడు. అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికి పోయాడు.

"పెట్రోలాండీ?" అన్నాడు భక్తిగా.

"ఆఁ" అన్నారు ఆఫీసరు గారు, అటూ ఇటూ చూసి.

"నందిగామదేనాండీ?"

ఆఫీసరు గారు ఆగారు. ఏ ఆఫీసరుకైనా ఇలాంటి ప్రశ్న అడిగేవాడు జన్మకొక్కడు దొరుకుతాడు. "నందిగామలో ఎవడు కొంటాడండీ! ఇబ్రహీంపట్నం. ఇక్కడి మీద లీటరు నాలుగు పైసలు తక్కువ."

బాబాయి గోడ పట్టుకున్నాడు. నాలుగు ఊళ్ళ దేవుళ్ళకి మొక్కి, అసలు దేవుడు అయిదో ఊళ్ళో ఉన్నాడని తెలిసినవాడిలా అయిపోయాడు. వాళ్ళిద్దరూ అక్కడే నిలబడి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. పల్లంలో ఇంజను ఆపడం, ఎదురుగాలి, మూత వదులైతే ఆవిరైపోయే పెట్రోలు. నేను ఆర్డరు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆ సందర్భంలో నాకంటే స్కూటరు స్టాండుకి ఎక్కువ ప్రాధాన్యం ఉంది. చివరికి ఆఫీసరు గారు లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ ఆఫీసరు గారైపోయారు.

"ఏడో రోజు ఫోర్‌నూన్ అని స్పష్టంగా ఉంది కదయ్యా. ఇప్పుడు రెండుంబావు. నేనేం చెయ్యగలను? రూలు రూలే."

నా వీపు మీద స్ప్రేయరు బరువు తెలుస్తూనే ఉంది. అప్పుడు బాబాయి, ఏ దురుద్దేశమూ లేకుండా, కేవలం శాస్త్ర జిజ్ఞాసతో అడిగాడు.

"ఇబ్రహీంపట్నం పోయి రావడానికి ఎంతసేపు పట్టుద్దండీ? పొద్దున ఎన్నింటికి బయల్దేరారు?"

హెడ్ గుమాస్తా గారు చాలా శ్రద్ధగా గోడ మీది క్యాలెండరు చూడటం మొదలెట్టారు. ఆఫీసరు గారు బాబాయి మొహంలోకి చూశారు. అక్కడ వెటకారం ఆనవాలు కూడా లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టి ఉంటుంది. కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"అబ్బాయ్, నువ్వు ఎన్నింటికి వచ్చావు?"

"పన్నెండూ ము..." అన్నాను. హెడ్ గుమాస్తా గారు దగ్గారు.

"నేను సీట్లో ఉండగా వచ్చావా, లేనప్పుడు వచ్చావా?"

అప్పుడు వెలిగింది. "తమరు సీట్లో ఉండగానే వచ్చానండీ. పొద్దున పదింటికే."

"ఊఁ. నేను పదింటికి సీట్లోనే ఉన్నాను. అందుకని నువ్వు ఫోర్‌నూన్‌లోనే చేరినట్టు. జాయినింగ్ రిపోర్టు అట్లాగే రాసివ్వు" అని సంతకం పెట్టారు. ఆ విధంగా నేను ఉద్యోగంలోకీ, ఆయన ఆఫీసులోకీ ఒకే సమయానికి వచ్చాం, ఇద్దరమూ అక్కడ లేనప్పుడు.

ఆ ఆఫీసులో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేశాను. బాబాయి ఆ సాయంత్రం నందిగామ బంకులో పెట్రోలు కొట్టించుకున్నాడు గానీ, ఆ ముఖంలో వెనకటి వెలుగు లేదు. ఇబ్రహీంపట్నం గురించి తెలిశాక నందిగామ పెట్రోలు ఆయనకి రుచించడం మానేసింది. నెల తిరక్కుండానే ఎదురు బంకులో కొనడం మొదలెట్టాడు. బంకు ఆసామి కుర్చీలోంచి లేచి నిలబడి పోశాడట. నందిగామ మేనత్త మాత్రం, రావడం మానేశాడంటే ఇక తనకి జబ్బు నయమైనట్టేనని స్థిమితపడింది. పుల్ల సంగతి బాబాయి పోయేదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టి, ఆ తర్వాత కొత్త పుల్ల మీద నాలుగో గీత గీసేవాడు.

ఇప్పుడు రిటైరై పేటలోనే ఉంటున్నాను. చిన్న కారుంది. రాష్ట్రం రెండయ్యాక గరికపాడు సరిహద్దు అవతల పెట్రోలు కాస్త చవక. కారులో ముల్లు అడుగుకి దిగేదాకా ఓపిక పట్టి, అవతల ఏదో పనుందని చెప్పి పోయి కొట్టించుకుని వస్తుంటాను. మొన్న మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "అంత దూరం పోయి క్షవరం చేయించుకోవాలా?" అంది. నీకు లెక్కలు రావు అనబోయి, అద్దంలో నా నాలుగు వెంట్రుకలూ చూసుకుని, నవ్వొచ్చి ఊరుకున్నాను. తాళాలు తీసుకుని బయల్దేరాను. పల్లం వచ్చిన చోట, ఎవరూ చూడటం లేదు కదా అని, కాస్త ముందుకి వంగాను కూడా.

అన్నట్టు, బాబాయి స్కూటరు ట్యాంకులో పట్టేది మొత్తం ఆరున్నర లీటర్లు. లీటరుకి ఏడు పైసలు, లెక్క మీరే వేసుకోండి.